భాగస్వామికి హెచ్‌ఐవీ ఉందని తేలాక సీడీ4 రిపోర్టును చదవడం ఎలా?

కలిసి బతుకుతున్న మనిషికి హెచ్‌ఐవీ ఉందని తేలిన కొద్ది రోజులకే చేతికి మరో కాగితం వస్తుంది. అందులో సీడీ4 కౌంట్ అని ఒక సంఖ్య ఉంటుంది. 612 కావచ్చు, 340 కావచ్చు, 87 కావచ్చు. ఇద్దరూ ఆ ఒక్క సంఖ్యను పట్టుకుని అన్ని ప్రశ్నలకూ జవాబులు రాబట్టాలని చూస్తారు. ఇది ఎప్పుడు సోకింది? ఎవరి వల్ల సోకింది? నాకూ వచ్చేసిందా? రాకపోతే ఇకముందు వస్తుందా?

వీటిలో ఏ ప్రశ్నకూ సీడీ4 కౌంట్ జవాబు చెప్పదు. రక్తం ఇచ్చిన రోజున ఆ మనిషి రోగనిరోధక వ్యవస్థ ఏ స్థితిలో ఉందో, ఏ జబ్బుల నుంచి వెంటనే కాపాడుకోవాలో మాత్రమే చెబుతుంది. అంతవరకు అది ఎంతో విలువైన పరీక్ష. అంతకు మించి అర్థాలు తీస్తే కాపురాలే కూలిపోతాయి. హెచ్‌ఐవీ ఉన్నవారి పక్కన నిలబడిన మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసిన మార్గదర్శి ఇది. అడుగులను ఇదే వరుసలో అనుసరించండి, ముఖ్యంగా మొదటిదాన్ని.

మొదటి అడుగు: రిపోర్టు చూసే ముందు గడియారం చూడండి

మీరు చివరిసారి కండోమ్ లేకుండా కలిసి 72 గంటలు దాటలేదా? అయితే చదవడం ఇక్కడే ఆపి వైద్యుడి దగ్గరకు వెళ్లండి. వైరస్ ఒంట్లో పాతుకుపోకుండా అడ్డుకునే మందులు ఉన్నాయి. వీటిని పెప్ అంటారు. 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజుల పాటు వాడాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. భాగస్వామి సీడీ4 ఎంతో తెలిసేదాకా, మీ రక్త పరీక్ష ఫలితం వచ్చేదాకా మొదటి మోతాదును వాయిదా వేయకూడదు. "ఇన్నేళ్లుగా కలిసే ఉన్నాం, ఇప్పుడు వేసుకుని ఏం లాభం" అని చాలామంది ఆగిపోతారు. ఇన్నేళ్లు కలిసి ఉన్నా మీకు సోకకపోయి ఉండవచ్చు. చివరి కలయిక వల్ల కలిగే ముప్పును ఈ మందులు తగ్గించగలవు కాబట్టి నిర్ణయాన్ని వైద్యుడికి వదిలేయండి.

తర్వాత మీ సొంత పరీక్ష. ఇక్కడే ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. భాగస్వామికి సీడీ4 పరీక్ష చేశారు కదా అని కొందరు తమకూ అదే చేయించుకుంటారు. 900 వచ్చిందని ఊపిరి పీల్చుకుంటారు, లేదా 450 వచ్చిందని కుప్పకూలిపోతారు. రెండూ సరికాదు. సీడీ4 కౌంట్ హెచ్‌ఐవీ నిర్ధారణ పరీక్ష కాదు. కొత్తగా వైరస్ సోకిన మనిషికి కౌంట్ మామూలుగానే ఉండవచ్చు. క్షయ, ఇతర తీవ్రమైన ఇన్ఫెక్షన్లు, స్టెరాయిడ్ మందుల వల్ల హెచ్‌ఐవీ లేనివారికీ కౌంట్ తగ్గవచ్చు. మీకు కావలసింది హెచ్‌ఐవీ పరీక్షే.

దానికి విండో పీరియడ్, అంటే వైరస్ సోకినా పరీక్షలో కనిపించని కాలం, ఉంటుంది. నరం నుంచి తీసిన రక్తంతో ల్యాబ్‌లో చేసే నాలుగో తరం పరీక్ష యాంటీబాడీలనూ, వైరస్‌కు చెందిన పీ24 యాంటిజెన్‌నూ కలిపి వెతుకుతుంది. ఇన్ఫెక్షన్ ఉంటే సాధారణంగా 18 నుంచి 45 రోజుల్లో బయటపడుతుంది. యాంటీబాడీలను మాత్రమే చూసే ర్యాపిడ్ పరీక్షకు 23 నుంచి 90 రోజులు పట్టవచ్చు. లెక్క చివరిసారి కండోమ్ లేకుండా కలిసిన రోజు నుంచి మొదలవుతుంది. కాబట్టి ఈరోజు నెగెటివ్ వచ్చినా మళ్లీ ఎప్పుడు చేయించుకోవాలో అప్పుడే అడిగి రాసుకోండి. పెప్ వాడితే ఆ తేదీలు మారతాయి. పరీక్షలు పూర్తయ్యేదాకా కండోమ్ తప్పనిసరి.

రెండో అడుగు: లెక్కపెడుతున్నది దేన్నో తెలుసుకోండి

తెల్ల రక్త కణాల్లో ఒక రకం లింఫోసైట్లు. వాటిలో ఒక వర్గం టీ కణాలు. ఆ టీ కణాల్లో కొన్నింటి పైపొర మీద సీడీ4 అనే ప్రొటీన్ ఉంటుంది. వీటినే సహాయక టీ కణాలు అంటారు. శత్రువును ఇవి నేరుగా చంపడం కంటే మిగతా కణాలను కదిలించడమే ఎక్కువ. యాంటీబాడీలు తయారుచేసే కణాలకూ, సోకిన కణాలను చంపే కణాలకూ సంకేతాలు పంపేవి ఇవే. హెచ్‌ఐవీ సరిగ్గా ఆ సీడీ4 ప్రొటీన్‌నే పట్టుకుని కణంలోకి దూరుతుంది. అందుకే ఈ ఒక్క రకం కణాలు తగ్గితే రక్షణ వ్యవస్థ మొత్తం బలహీనపడుతుంది.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. రక్తంలో కనిపించేవి శరీరంలోని ఈ కణాల్లో కొద్ది భాగమే. ఎక్కువ భాగం లింఫ్ గ్రంథుల్లో, పేగు గోడల్లో ఉంటుంది. రక్తంలో సంఖ్య కొంచెం మారిందంటే కణాలు చచ్చిపోయాయనో పుట్టాయనో అర్థం కానక్కరలేదు, చోటు మారి ఉండవచ్చు.

మూడో అడుగు: రిపోర్టులోని ప్రతి గడినీ చదవండి

రిపోర్టులో సాధారణంగా సీడీ4 కౌంట్, సీడీ4 శాతం ఉంటాయి. కొన్నింటిలో సీడీ8 కౌంట్, ఆ రెండింటి నిష్పత్తి కూడా ఇస్తారు.

కౌంట్ అంటే ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో ఎన్ని సీడీ4 కణాలున్నాయన్నది. మైక్రోలీటరు అని రాసినా అదే కొలత. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో ఇది సుమారు 500 నుంచి 1,500 దాకా ఉంటుంది. ఈ పరిధి ఎంత విశాలమో గమనించండి. ఒకరికి 600 సహజమైతే మరొకరికి 1,300 సహజం. హెచ్‌ఐవీ సోకక ముందు మీ భాగస్వామికి ఎంత ఉండేదో దాదాపు ఎవరికీ తెలియదు.

శాతం అంటే మొత్తం లింఫోసైట్లలో సీడీ4 కణాల వాటా. చాలామంది దీన్ని చూడకుండానే కాగితం మడిచేస్తారు, కానీ తరచూ ఇదే ఎక్కువ నమ్మదగిన కొలత. ఎందుకో ఒక లెక్కతో చూద్దాం. తెల్ల రక్త కణాలు 5,200, వాటిలో లింఫోసైట్లు 30 శాతం అనుకుందాం. అంటే 1,560 లింఫోసైట్లు. అందులో సీడీ4 వాటా 22 శాతమైతే కౌంట్ 343. తర్వాతి పరీక్షలో తెల్ల కణాలు 4,400, లింఫోసైట్లు 28 శాతం, అంటే 1,232. సీడీ4 వాటా అదే 22 శాతం. కౌంట్ 271 అవుతుంది. కాగితం మీద 72 కణాలు పోయాయి. సీడీ4 వాటా మాత్రం కదలలేదు. మారింది మొత్తం తెల్ల కణాల సంఖ్య, వాటిలో లింఫోసైట్ల వాటా. దానికి హెచ్‌ఐవీతో సంబంధం లేని కారణాలు ఎన్నో ఉంటాయి.

పెద్దవారిలో 29 శాతానికి పైన ఉంటే స్థూలంగా 500 దాటిన కౌంట్‌తో, 14 శాతం కంటే తక్కువైతే 200 లోపు కౌంట్‌తో సమానంగా చూస్తారు. ఐదేళ్లలోపు పిల్లల కౌంట్లు సహజంగానే చాలా ఎక్కువ. పెద్దల కొలతలతో వారి రిపోర్టును చదవకూడదు.

సీడీ8 కణాలు సోకిన కణాలను చంపే రకం. ఆరోగ్యవంతుల్లో సీడీ4, సీడీ8 నిష్పత్తి సాధారణంగా 1 కంటే ఎక్కువ ఉంటుంది. హెచ్‌ఐవీలో తలకిందులవుతుంది. చికిత్స మొదలయ్యాక కౌంట్ కోలుకున్నా ఈ నిష్పత్తి నిదానంగానే మారుతుంది, కొందరిలో ఎప్పటికీ 1 దాటదు. దాని కోసం నిద్ర పాడుచేసుకోకండి.

నాలుగో అడుగు: సంఖ్యను బట్టి ఏం చేయాలో చూడండి

కౌంట్ 500 పైన ఉంటే రోగనిరోధక శక్తి బాగానే ఉన్నట్టు. దీని అర్థం మందులు అక్కరలేదని కాదు. ఒకప్పుడు కౌంట్ ఫలానా మెట్టుకు పడిపోయేదాకా ఆగి మందులిచ్చేవారు. 2015లో వెలువడిన స్టార్ట్, టెంప్రానో అధ్యయనాలు ఆ పద్ధతికి ముగింపు పలికాయి. స్టార్ట్‌లో 35 దేశాలకు చెందిన 4,685 మంది పాల్గొన్నారు. అందరి కౌంటూ 500 పైనే. వెంటనే మందులు మొదలుపెట్టినవారిలో తీవ్రమైన జబ్బులు, మరణాలు ఆగినవారి కంటే సగానికి పైగా తగ్గాయి. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌంట్‌తో నిమిత్తం లేకుండా అందరికీ చికిత్స ఇవ్వాలని సిఫారసు చేసింది. "కౌంట్ బాగుంది, కొన్నాళ్లు చూద్దాం" అనే మాట ఎవరి నోటి నుంచి వచ్చినా, అది పాతకాలపు సలహా.

200 నుంచి 500 మధ్య ఉంటే రక్షణ కొంత తగ్గినట్టు. చాలామందికి ఏ లక్షణాలూ ఉండవు. అయితే క్షయ ఏ కౌంట్ దగ్గరైనా రావచ్చు, కౌంట్ తగ్గేకొద్దీ ముప్పు పెరుగుతుంది. దగ్గు, సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ మాట వైద్యుడికి మీరే చెప్పండి. అలవాటైపోయిన దగ్గును రోగి పట్టించుకోకపోవచ్చు, పక్కన పడుకునేవారికి వినిపిస్తుంది.

200 లోపు ఉంటే సంగతి వేరు. దీన్ని ముదిరిన హెచ్‌ఐవీ దశగా లెక్కిస్తారు. మనిషి పైకి మామూలుగానే కనిపించవచ్చు, ఉద్యోగానికి వెళ్తూ ఉండవచ్చు, అయినా ఇది తొందరపడాల్సిన సమయం. ఈ దశలో న్యూమోసిస్టిస్ అనే న్యుమోనియా రాకుండా కోట్రిమాక్సజోల్ మాత్రలు ఇస్తారు. కొన్ని చోట్ల 350 లోపు నుంచే ఇస్తారు. ఇందులో సల్ఫా మందు ఉంటుంది కాబట్టి, అది పడనివారైతే ముందే చెప్పాలి. 100 లోపుకు దిగితే మెదడు పొరలకు సోకే క్రిప్టోకోకస్ అనే ఫంగస్, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ముప్పు పెరుగుతుంది. క్రిప్టోకోకస్ లక్షణాలు కనిపించకముందే రక్త పరీక్షలో దొరుకుతుంది. కాబట్టి కౌంట్ 200 లోపు ఉంటే "క్రిప్టోకోకల్ యాంటిజెన్ పరీక్ష చేశారా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న ప్రాణం కాపాడగలదు. 50 లోపు కంటి లోపలి పొరను దెబ్బతీసే సీఎంవీ వైరస్ కూడా జాబితాలో చేరుతుంది.

ఈ దశలో మీరు కనిపెట్టుకుని ఉండాల్సినవి: తగ్గని తలనొప్పితో జ్వరం లేదా వాంతులు, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చే పొడి దగ్గు, చూపు మసకబారడం లేదా కళ్ల ముందు మచ్చలు తేలడం, మింగేటప్పుడు నొప్పి, మాటలో లేదా ప్రవర్తనలో హఠాత్తుగా తేడా. ఇవి కనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు.

అలాగని 87 అంటే అంతా అయిపోయినట్టు కాదు. ఇంత తక్కువ కౌంట్‌తో చికిత్స మొదలుపెట్టి కోలుకుని ఏళ్ల తరబడి ఆరోగ్యంగా జీవిస్తున్నవారు ఎందరో ఉన్నారు. తక్కువ కౌంట్ చేయాల్సిన పనుల జాబితాను పొడిగిస్తుంది, అంతే.

మందులను సిద్ధంగా ఉన్న రోజే, లేదా వారం లోపు మొదలుపెట్టడం ఇప్పటి పద్ధతి. మెదడు పొరల వాపు ఉందని అనుమానం ఉంటే మాత్రం ముందు దానికి చికిత్స చేసి, హెచ్‌ఐవీ మందులను కొన్ని వారాల తర్వాత మొదలుపెడతారు. అది నిర్లక్ష్యం కాదు, అవసరం.

ఐదో అడుగు: ఒక్క సంఖ్యను కాదు, వరుసను చూడండి

సీడీ4 కౌంట్ ఒకే రోజులో కూడా మారుతుంది. మధ్యాహ్నం వేళ తక్కువగా, సాయంత్రానికి ఎక్కువగా ఉండటం మామూలు. జలుబు, జ్వరం, స్టెరాయిడ్లు తగ్గించగలవు. గర్భిణుల్లో రక్త పరిమాణం పెరగడం వల్ల కౌంట్ పలచబడినట్టు కనిపిస్తుంది, శాతం అంతగా మారదు. ప్లీహం తీసేసినవారిలో కౌంట్ పెరిగినట్టు కనిపిస్తుంది. ఒక్కో ల్యాబ్ యంత్రానికీ తేడా ఉంటుంది.

అందుకే వైద్యులు కౌంట్‌లో దాదాపు 30 శాతం తేడా, లేదా శాతంలో 3 పాయింట్ల తేడా ఉంటేనే దాన్ని నిజమైన మార్పుగా పరిగణిస్తారు. 430, 395, 440 అని వరుసగా వస్తే అక్కడ పతనమూ లేదు, విజయమూ లేదు. వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో, రోజులో ఒకే వేళకు ఇవ్వండి. జ్వరం వచ్చి ఉంటే అది తగ్గిన కొన్ని వారాల తర్వాత ఇవ్వడం మంచిది. ఒక నోటుబుక్కులో తేదీ, కౌంట్, శాతం, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే కొలత), ఆ వారం ఒంట్లో ఎలా ఉంది అన్న ఐదు వివరాలు రాసుకుంటే చాలు.

ఆరో అడుగు: ఆ సంఖ్యలో తేదీ వెతకకండి

ఇది రాయడానికి కష్టమైన భాగం, కానీ వదిలేయలేను. చికిత్స లేకపోతే కౌంట్ సగటున ఏడాదికి 50 నుంచి 100 దాకా తగ్గుతుందని ఎక్కడో చదివినవారు వెంటనే తీసివేతలు మొదలుపెడతారు. "ఇప్పుడు 310 ఉంది, అంటే ఏడేళ్ల కిందటిది, అంటే పెళ్లికి ముందుది." లేదా "620 ఉంది, అంటే నిన్నమొన్నటిది, అంటే ఈ మధ్య ఎవరితోనో." రెండు లెక్కలూ తప్పే.

వైరస్ సోకిన తొలి వారాల్లో కౌంట్ ఒక్కసారిగా బాగా పడిపోయి, తర్వాత కొంత పైకి లేస్తుంది. కాబట్టి 310 నెలల కిందట సోకిన ఇన్ఫెక్షన్‌ది కూడా కావచ్చు. మందులు లేకుండానే ఏళ్ల తరబడి కౌంట్ నిలబడే మనుషులు కొద్దిమంది ఉన్నారు. వారిలో 620 పదేళ్ల నాటి ఇన్ఫెక్షన్‌ది కావచ్చు. మొదట ఎంత ఉండేదో తెలియనప్పుడు దేనిలోంచి ఎంత తీసివేస్తారు? ఒకరిది 310, మరొకరిది 520 అయితే తక్కువ ఉన్నవారే ముందు తెచ్చుకున్నారని చెప్పడానికీ వీల్లేదు.

ఇద్దరి మధ్య అడగాల్సిన ప్రశ్నలు ఉంటే వాటిని అడగండి. ఆ హక్కు మీకుంది. నమ్మకం దెబ్బతిన్నదనిపిస్తే ఆ బాధ నిజమైనదే. కానీ ఆ ప్రశ్నలకు సాక్ష్యంగా ల్యాబ్ రిపోర్టును నిలబెట్టకండి. కౌన్సెలర్ సమక్షంలో మాట్లాడుకోవడం ఎంతో మేలు. ఒకవేళ ఇంట్లో హింస జరుగుతుందనే భయం ఉంటే ముందు భద్రత చూసుకోండి, ఆ సంగతి కౌన్సెలర్‌కు విడిగా చెప్పండి.

ఏడో అడుగు: మీకు సోకే ముప్పు కోసం వేరే గడి చూడండి

ఆ గడి పేరు వైరల్ లోడ్. ఒక మిల్లీలీటరు రక్తంలో వైరస్ ప్రతులు ఎన్ని ఉన్నాయో చెప్పే కొలత అది. సీడీ4 700 ఉన్నా వైరల్ లోడ్ లక్ష ఉన్న మనిషి నుంచి వైరస్ సోకగలదు. సీడీ4 150 ఉన్నా, మందుల వల్ల వైరల్ లోడ్ కనిపించని స్థాయికి చేరి అక్కడే నిలిచిన మనిషి నుంచి లైంగికంగా సోకదు.

ఇది ఓదార్పు కోసం చెప్పే మాట కాదు. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మరొకరికి లేని 1,763 జంటలతో జరిగిన హెచ్‌పీటీఎన్ 052 అధ్యయనం, ముందే మందులు మొదలుపెడితే భాగస్వామికి సోకే ముప్పు 96 శాతం తగ్గుతుందని 2011లో చూపింది. ఆ తర్వాత 2016లో, 2019లో వెలువడిన పార్ట్‌నర్ అధ్యయనాలు వైరల్ లోడ్ 200 లోపు ఉన్న జంటలను పరిశీలించాయి. వేల సార్లు కండోమ్ లేకుండా కలిసినా, చికిత్సలో ఉన్న భాగస్వామి నుంచి రెండో వ్యక్తికి సోకిన ఘటన ఒక్కటీ లేదు.

ఆ స్థాయికి చేరడానికి చాలామందికి ఆరు నెలల లోపు పడుతుంది, డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందు ఉన్న చికిత్సతో ఇంకా త్వరగా చేరవచ్చు. అప్పటిదాకా కండోమ్ వాడండి. హెచ్‌ఐవీ లేనివారు ముందుజాగ్రత్తగా వాడే ప్రెప్ మందుల గురించి కూడా అడగండి. ఒక్క ఫలితం చూసి కండోమ్ వదిలేయకుండా, అది నిలకడగా ఉందని వైద్యుడు చెప్పాక నిర్ణయించుకోండి. ఈ రక్షణ ఉండేది మాత్రలు క్రమం తప్పకుండా వేసుకున్నంతకాలమే. ఇతర సుఖవ్యాధులకు ఇది వర్తించదు. సూదులు పంచుకోవడానికి, తల్లిపాలకు కూడా ఇదే హామీ లేదు. పిల్లలు కావాలనుకుంటే ఆ మాట ముందే చెప్పండి. వైరల్ లోడ్ అదుపులో ఉన్న జంటలు సహజంగానే బిడ్డను కనవచ్చు.

ఎనిమిదో అడుగు: కోలుకోవడానికి ఎంతకాలం పడుతుందో ముందే తెలుసుకోండి

మందులు మొదలుపెట్టాక వైరల్ లోడ్ వేగంగా పడిపోతుంది, సీడీ4 నిదానంగా లేస్తుంది. మొదటి ఏడాదిలో సాధారణంగా 50 నుంచి 150 దాకా పెరుగుతుంది, తొలి మూడు నెలల్లో వేగం ఎక్కువ. తర్వాత నెమ్మదిస్తుంది. చాలా తక్కువ కౌంట్‌తో మొదలుపెట్టినవారికి ఏళ్లు పట్టవచ్చు. కొందరిలో వైరస్ పూర్తిగా అదుపులో ఉన్నా కౌంట్ 300 దగ్గరే ఆగిపోతుంది. వైరల్ లోడ్ కనిపించకుండా ఉన్నంతవరకు మందులు పనిచేస్తున్నట్టే. కౌంట్ పెరగలేదని మందుల్ని మార్చాల్సిన పని సాధారణంగా ఉండదు.

తక్కువ కౌంట్‌తో మొదలుపెట్టినవారికి తొలి వారాల్లో జ్వరం, గ్రంథుల వాపు లాంటివి కొత్తగా రావచ్చు. కోలుకుంటున్న రక్షణ వ్యవస్థ అప్పటికే దాగి ఉన్న ఇన్ఫెక్షన్‌పై విరుచుకుపడటం దీనికి ఒక కారణం. మందులు పడలేదనుకుని ఆపేయకండి, వెంటనే వైద్యుడికి చూపించండి.

ఈ నిదానాన్ని చూసి ఓపిక నశించినవారి దగ్గరకే "సీడీ4 పెంచే" పొడులు, లేహ్యాలు, ఖరీదైన టానిక్కులు వస్తాయి. హెచ్‌ఐవీలో కౌంట్‌ను నిలబెట్టేది వైరస్‌ను అణచి ఉంచే ఏఆర్‌టీ మందులే. పైగా కొన్ని ఉత్పత్తులు ఆ మందులకే అడ్డుపడతాయి. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక రక్తంలో డోలుటెగ్రావిర్ స్థాయిని తగ్గిస్తుంది. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్లు దాన్ని ఒంటికి పట్టనివ్వవు. అలాంటివి వేసుకోవాలంటే డోలుటెగ్రావిర్ వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకూ జాగ్రత్త అవసరం. ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లి చూపించడం అన్నిటికంటే సులువు.

తొమ్మిదో అడుగు: పరీక్షలు ఎంత తరచుగానో, ఎప్పుడు ఆపుతారో అడగండి

మొదట్లో సీడీ4ను మూడు నుంచి ఆరు నెలలకోసారి చూస్తారు. వైరల్ లోడ్‌ను తొలి ఏడాదిలో కనీసం ఆరో నెలలో, పన్నెండో నెలలో చూసి, బాగుంటే ఆపై ఏడాదికోసారి చూడవచ్చు. వైరస్ అదుపులోకి వచ్చి, కౌంట్ మెరుగుపడి నిలకడగా ఉంటే ఒకరోజు వైద్యుడు "ఇక సీడీ4 అక్కరలేదు, వైరల్ లోడ్ చాలు" అంటారు. ఇన్నాళ్లూ ఆ సంఖ్యనే పట్టుకుని ఉన్న జంటలకు ఇది వదిలేసినట్టు అనిపిస్తుంది. నిజానికి అది మంచి కబురు. మాత్రలు ఎక్కువ రోజులు మానేసినా, వైరల్ లోడ్ మళ్లీ పెరిగినా, కొత్త లక్షణాలు కనిపించినా సీడీ4 పరీక్షను తిరిగి మొదలుపెడతారు. ఆ మూడింటిలో ఏది జరిగినా మీ హెచ్‌ఐవీ పరీక్షను కూడా అదే రోజు చేయించుకోండి.